సూది గుచ్చకుండా వైరింగ్ పరీక్ష: రేడియేటర్ ఫ్యాను డైరీ

పని మొదలుపెట్టేసరికి ఉన్న పరిస్థితి

2008 మోడల్ చిన్న పెట్రోలు కారు. విశాఖలో, సముద్రానికి కిలోమీటరు లోపే ఉంటాం. షెడ్డు లేదు, కారు ఆరుబయటే ఉంటుంది. సింహాచలం కొండ ఎక్కినా, ట్రాఫిక్‌లో ఏసీ వేసినా ఇంజన్ వేడెక్కుతోంది. రేడియేటర్ ఫ్యాను తిరుగుతోంది కానీ నీరసంగా తిరుగుతోంది.

ఇప్పటికే ఒక వర్క్‌షాపులో ఫ్యాను మోటారు మార్చారు (2,900), థర్మోస్టాట్ మార్చారు (850), కూలి 700. మొత్తం 4,450 రూపాయలు. ఫ్యాను అలాగే ఉంది. ఈ డబ్బును కింది లెక్కలో కలపలేదు.

దశ 1: చిల్లుల లెక్క

ఫ్యాను దగ్గర వైర్లకు చుట్టిన నల్ల టేపు ఊడదీశాను. ఎండకు జిగురు కారి వేళ్లకు అంటుకుంటోంది. వైర్లను కిరోసిన్ గుడ్డతో తుడిచి, ఫోన్ కెమెరా జూమ్ చేసి అంగుళం అంగుళం చూశాను. మొత్తం ఏడు చిల్లులు.

ఫ్యాను పాజిటివ్ వైరు మీద నాలుగు.
ఫ్యాను ఎర్త్ వైరు (కరెంటు బాడీ ద్వారా బ్యాటరీ నెగటివ్‌కు తిరిగి పోయేది) మీద ఒకటి.
కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ వైర్ల మీద రెండు.

అన్నీ టెస్ట్ ల్యాంప్ (కరెంటు ఉంటే వెలిగే, సూది మొన ఉన్న బల్బు) సూది గుచ్చినవే. రెండింటి అంచున పచ్చగా చిలుము కనిపిస్తోంది. చిల్లు చిన్నదే అయినా లోపల ఉన్నది సన్నటి రాగి పోగుల కట్ట. దీపం వత్తి నూనె పీల్చినట్టు ఆ పోగులు నీటిని లోపలికి పీల్చుకుంటాయి. మా ఊళ్లో ఆ నీటిలో ఉప్పు కూడా ఉంటుంది. తొడుగు కిందనుంచి చిలుము అటూ ఇటూ పాకుతుంది, పైకి మాత్రం వైరు బాగానే కనిపిస్తుంది.

అయితే చిల్లు ఉన్నంత మాత్రాన లోపం అక్కడే ఉందని అనుకోకూడదు. కొలిచి తేల్చాలి. అదీ ఎనిమిదో చిల్లు పెట్టకుండా.

మా వీధిలో ఒక పెద్దాయన ఉన్నారు. నలభై ఏళ్లు లారీల వైరింగ్ చేసి మానేశారు. చిల్లులు చూపిస్తే కళ్లజోడు సర్దుకుని, "వైరుకి రెండు చివర్లు ఉన్నాయి కదా బాబూ, మధ్యలో పొడవడం ఎందుకు?" అన్నారు. ఇక్కడినుంచి ఆ మాటే పట్టుకున్నాను. లోహం ముందే బయటికి కనిపించే చోట్లు ఐదు ఉన్నాయి: బ్యాటరీ పోస్టు, బ్లేడు ఫ్యూజు నెత్తిమీద ఉండే రెండు చుక్కలు, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్) కాళ్లు, కప్లర్ (వైర్లను కలిపే ప్లాస్టిక్ కనెక్టరు) వెనక భాగం, ఎర్త్ బోల్టు. ఈ ఐదు చోట్ల తప్ప ఎక్కడా ప్రోబ్ పెట్టకూడదని నిర్ణయించుకున్నాను.

సమయం: 2 గంటలు. ఖర్చు: 0.

దశ 2: పనిముట్లు, వాటిలో పోయినవి

మల్టీమీటర్ ఇంట్లో ఉంది. దాని ప్రోబ్ కప్లర్ వెనక దూరదు, లావు. సన్నవి చేసుకోవాలి.

మొదటి ప్రయత్నం: స్టెయిన్‌లెస్ స్టీలు సూదులకు వైరు సోల్డర్ చేద్దామనుకున్నాను. సీసం ముత్యంలా గుండ్రంగా జారిపోతోంది, అంటుకోదు. మామూలు రోజిన్ ఫ్లక్సుకు స్టెయిన్‌లెస్ లొంగదు. గంటన్నర వృథా.

రెండో ప్రయత్నం: టైలరింగ్ సామాన్ల కొట్లో దొరికే నికెల్ పూత గుండుసూదులు. వీటికి సోల్డర్ చక్కగా పట్టింది. చేసిన పద్ధతి:

1. సూది మొనను ఉప్పుకాగితం మీద రుద్ది మొద్దుబార్చాలి. మొన పదునుగా ఉంటే కప్లర్ లోపల కూడా తొడుగునే పొడుస్తుంది.
2. తల వైపు అర మీటరు మెత్తటి సిలికాన్ వైరు సోల్డర్ చేయాలి.
3. మొన దగ్గర 6 మి.మీ. వదిలేసి మిగతా అంతా హీట్ ష్రింక్ స్లీవ్ వేయాలి. పక్కపక్కనే పెట్టిన రెండు సూదులు తగులుకుంటే షార్టే.
4. వైరు రెండో చివర మీటరుకు సరిపోయే క్లిప్పు.

రెండో వస్తువు ఫ్యూజు ఉన్న జంపర్ వైరు, అంటే రెండు చోట్లను తాత్కాలికంగా కలిపే వైరు. 2.5 స్క్వేర్ ఎంఎం వైరు మధ్యలో బ్లేడు ఫ్యూజు హోల్డరు పెట్టాను. ముందు 5 ఆంపియర్ల ఫ్యూజు వేశాను. ఫ్యాను అర నిమిషం కూడా తిరగలేదు, పోయింది. 15 వేశాను. కారులో ఆ లైనుకు ఉన్నది 20. జంపర్‌లో ఎప్పుడూ కారు ఫ్యూజు కన్నా చిన్నదే ఉండాలి.

మూడోది రిలే ఎక్స్‌టెన్షన్. పాడైన రిలే డబ్బా విప్పి, లోపలి కాయిల్, కాంటాక్టులు తీసేసి, నాలుగు కాళ్లకు నాలుగు వైర్లు సోల్డర్ చేసి, అవతలి చివరల్లో రిలే బేస్ పెట్టాను. ఫ్యూజు పెట్టెలోంచి రిలే పీకి దీన్ని గుచ్చితే నాలుగు లైన్లూ చేతికి అందుతాయి. నాలుగింటికీ నాలుగు రంగులు వాడండి. ఎందుకో తర్వాత చెబుతాను.

నాలుగోది క్లాంప్ మీటర్, వైరు చుట్టూ దవడ పెట్టి కరెంటు కొలిచేది. ఇక్కడ దెబ్బతిన్నాను. 750 పెట్టి కొన్నది ఏసీ కరెంటు (ఇంట్లో వచ్చే రకం) మాత్రమే కొలుస్తుంది. కారు మీద పెడితే సున్నా. బ్యాటరీ కరెంటు కొలవాలంటే డీసీ ఆంపియర్లు అని స్పష్టంగా రాసి ఉండాలి. మళ్లీ 2,400. తెచ్చాక కూడా మొదటి రోజు సున్నాయే చూపించింది. కారణం, పాజిటివ్, ఎర్త్ రెండు వైర్లనూ కలిపి దవడలో పెట్టాను. వెళ్లే కరెంటూ వచ్చే కరెంటూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఒక్క వైరే పెట్టాలి. పెట్టేముందు జీరో బటన్ నొక్కాలి.

ఖర్చు: రెండు క్లాంపులు 3,150, గుండుసూదులు 30, సిలికాన్ వైరు 160, స్లీవులు 120, ఫ్యూజు హోల్డర్లు 80, ఫ్యూజులు 50, క్లిప్పులు 60, రిలే బేస్ 70.
ఇప్పటిదాకా: 3,720 రూపాయలు, 7 గంటలు.

దశ 3: నన్ను తప్పుదారి పట్టించిన 12.4

ఫ్యాను కప్లర్ ఊడదీసి, రిలే 30, 87 కాళ్లకు (ఫ్యానుకు పవర్ పోయే కాళ్లు) జంపర్ వేసి, కప్లర్ దగ్గర వోల్టేజి చూశాను. 12.4. బ్యాటరీ దగ్గరా 12.4. "వైరు బాగుంది" అని పుస్తకంలో రాసేసుకున్నాను. కంటిన్యుటీ (వైరు తెగిందో లేదో చూసే సెట్టింగు) పెడితే బజర్ మోగింది. ఓమ్స్‌లో పెడితే 0.6. ప్రోబులు రెండూ ఒకదానికొకటి ఆనిస్తేనే నా మీటర్ 0.3 చూపిస్తుంది, కాబట్టి ఆ 0.6ను పట్టించుకోలేదు.

ఈ తప్పు నన్ను రెండు ఆదివారాలు తినేసింది. మార్చిన మోటారే నాసిరకమని నమ్మి, దాన్ని విప్పి బ్యాటరీకి నేరుగా కలిపాను. గాలికి పక్కన పెట్టిన గుడ్డ ఎగిరిపోయింది. మోటారు భేషుగ్గా ఉంది.

మరి 12.4 ఎలా వచ్చింది? డిజిటల్ మీటర్ లోపలి నిరోధం మామూలుగా 10 మెగా ఓమ్‌లు. అంటే అది లాగే కరెంటు ఆంపియరులో పది లక్షల వంతుకు కాస్త పైన. ఆ మాత్రం కరెంటు ఒక్క రాగి పోగు మిగిలినా చాలు, నష్టం లేకుండా పోతుంది. ఫ్యాను అడిగేది ఏడెనిమిది ఆంపియర్లు. లోపం బయటపడేది అప్పుడే. వైరును పరీక్షించాలంటే దాని బరువు దాని మీద పెట్టే పరీక్షించాలి. కప్లర్ ఊడదీసి కొలవడమే నా తప్పు.

రిలే కాళ్ల గురించి ఒక జాగ్రత్త. 30, 87 పవర్ కాళ్లు, 85, 86 కాయిల్ కాళ్లు. కాయిల్ కాళ్లలో ఒకటి తిన్నగా ఈసీయూకు (ఇంజన్‌ను నడిపే కంప్యూటరు) పోతుంది. తొందరలో 12 వోల్టులు దానికి తగిలిస్తే ఈసీయూ లోపలి డ్రైవర్ కాలిపోవచ్చు. అన్ని రిలేల మీదా ఈ అంకెలే ఉండవు. జపాన్ తరహా వాటి మీద 1, 2, 3, 5 అని కూడా ఉంటాయి. రిలే మీద ముద్రించిన బొమ్మ చూసి మాత్రమే జంపర్ వేయాలి. ఎక్స్‌టెన్షన్‌కు నాలుగు రంగులు అన్నది ఇందుకే.

ఇప్పటిదాకా: 3,720 రూపాయలు, 11 గంటలు.

దశ 4: ఫ్యాను తిరుగుతుండగా కొలత

ఈసారి కప్లర్ ఊడదీయలేదు. ఇంజన్ ఆపి, జంపర్‌తో ఫ్యాను తిప్పుతూ కొలిచాను. చొక్కా చేతులు మడిచి, సూదుల వైర్లను రెక్కలకు దూరంగా టేపుతో బిగించాకే జంపర్ వేశాను. కొన్ని కార్లలో తాళం తీసేసినా ఫ్యాను దానంతటదే తిరుగుతుంది. వేళ్లు జాగ్రత్త.

కప్లర్ వెనకనుంచి సూది పెట్టే తీరు:

1. సూదికి కాస్త సిలికాన్ గ్రీజు రాయాలి.
2. వైరు కప్లర్‌లోకి దూరే చోట, వైరుకూ రబ్బరు సీలుకూ మధ్య, వైరు వెంబడే తిన్నగా జార్చాలి. అడ్డంగా కాదు.
3. లోపల లోహం తగిలి ఆగితే అక్కడితో ఆపాలి. బలం వద్దు.
4. మీటరులో అంకె నిలకడగా ఉందో లేదో చూశాకే రాసుకోవాలి.

ముందు మొత్తం లెక్క. బ్యాటరీ దగ్గర 12.30. ఫ్యాను కప్లర్ రెండు పిన్నుల మధ్య 9.20. కరెంటు 6.4 ఆంపియర్లు. 3.10 వోల్టులు దారిలోనే పోతున్నాయి.

తర్వాత ముక్కలు ముక్కలుగా. మీటర్ ఒక ప్రోబ్ ముక్క ఈ చివర, రెండోది ఆ చివర. మంచి ముక్క అయితే దాదాపు సున్నా రావాలి.

పాజిటివ్ వైపు:
బ్యాటరీ పోస్టు నుంచి ఫ్యూజు దాకా 0.06
ఫ్యూజు, హోల్డరు 0.09
జంపర్ 0.11
రిలే నుంచి ఫ్యాను కప్లర్ దాకా 2.04
మొత్తం 2.30

ఎర్త్ వైపు:
ఫ్యాను కప్లర్ నుంచి లగ్గు (వైరు చివర బోల్టుకు బిగించే రింగు) దాకా 0.08
లగ్గు నుంచి బాడీకి 0.65
బాడీ నుంచి బ్యాటరీ నెగటివ్ దాకా 0.07
మొత్తం 0.80

రెండూ కలిపితే 3.10. లెక్క సరిపోయినప్పుడు వచ్చిన ఆనందం చెప్పను కానీ, ఆ రోజు కాఫీ రెండుసార్లు తాగాను.

2.04 ముక్కను చూద్దాం. ఆ వైరు 1.25 స్క్వేర్ ఎంఎం, పొడవు 1.6 మీటర్లు. రాగి లెక్క ప్రకారం నిరోధం 0.022 ఓమ్. 6.4 ఆంపియర్లకు 0.14 వోల్టు పోవాలి. పోతున్నది 2.04, అంటే 0.32 ఓమ్. దశ 3లో పట్టించుకోని 0.6 గుర్తుందా? అందులోంచి ప్రోబుల 0.3 తీసేస్తే మిగిలేది ఇదే. నిజం అప్పుడే మీటరులో కనిపించింది, దాన్ని నమ్మడానికి నా దగ్గర సరైన పరీక్ష లేదు.

ఆ వైరుకు హెడ్‌లైటు వెనక మధ్యలో ఇంకో కప్లర్ ఉంది. అక్కడ కూడా వెనకనుంచి సూది పెట్టాను. రిలే నుంచి అక్కడికి 0.11. అక్కడినుంచి ఫ్యానుకు 1.93. మిగిలింది అరవై సెంటీమీటర్ల వైరు, దాని మీదే నాలుగు చిల్లులు. ఐదు నిమిషాలు తిప్పాక ఒక చిల్లు పక్కన వేలు పెడితే తొడుగు వెచ్చగా తగిలింది. వైరును అక్కడ మెల్లగా వంచితే 1.93 కాస్తా 2.4కు పోయి తిరిగి వచ్చింది. ఇక అనుమానం లేదు.

ఇదే రోజు ఒక పొరపాటు. కరెంటు చూద్దామని మీటర్ ఎర్ర ప్రోబ్‌ను 10 ఆంపియర్ల రంధ్రంలో పెట్టి, తర్వాత మరిచిపోయి అలాగే ఫ్యాను రెండు పిన్నుల మీద పెట్టాను. అంటే ఫ్యాను మీదుగా షార్టు. ఫ్యాను ఆగిపోయింది, సూది చురుక్కుమంది, మూడు నాలుగు సెకన్లకు జంపర్ ఫ్యూజు పోయింది. ఆ పది రూపాయల ఫ్యూజు లేకపోతే పోయేది వైరో మీటరో. అప్పటినుంచి ఆ రంధ్రం మీద టేపు ముక్క అంటించి ఉంచాను. కరెంటుకు క్లాంప్ ఉంది కదా.

ఇప్పటిదాకా: 3,730 రూపాయలు, 14 గంటలు.

దశ 5: సీలు చించిన రోజు

మధ్య కప్లర్ దగ్గర తొందరపడ్డాను. గ్రీజు రాయలేదు, సూది వంకరగా దూరింది. తీసి చూస్తే నారింజ రంగు సీలు అంచు చీలింది. చిల్లు పెట్టకూడదని ఇంత చేసి, నీరు వెళ్లే దారి నేనే తెరిచాను. పాత సామాన్ల కొట్లో అదే రకం కప్లర్, తోకతో (వైరు ముక్కలతో) సహా 220.

పాత కప్లర్ మీదే ఇంకో ప్రయోగం చేశాను. ఎదుటివైపు నుంచి, అంటే పిన్ను దూరే రంధ్రంలో, మీటర్ లావు ప్రోబ్‌ను ఒక్కసారి నొక్కి తీశాను. అంతకుముందు పిన్ను గుచ్చి తలకిందులుగా పట్టుకుంటే పడేది కాదు. ఇప్పుడు దాని బరువుకే జారి కింద పడింది. ఆడ టెర్మినల్ వెడల్పైపోయింది. ఇలాంటి వదులు కాంటాక్టు గతుకుల మీద మాత్రమే తెగుతూ ఉంటుంది. నెలల తరబడి వెతికినా దొరకదు. ఎదుటినుంచి తప్పదనుకుంటే అదే సైజు మగ పిన్నుకు వైరు కట్టి వాడాలి.

ఇప్పటిదాకా: 3,950 రూపాయలు, 16 గంటలు.

దశ 6: కోత, అతుకు

బ్యాటరీ నెగటివ్ ముందు తీశాను. (తిరిగి పెట్టేటప్పుడు అది ఆఖరున.)

వైరును మొదటి చిల్లు దగ్గర కోశాను. రాగి నల్లగా ఉంది. ఇంకో రెండు సెంటీమీటర్లు, నల్లగానే. ఇంకో మూడు, పచ్చగా పొడి రాలింది. రెండు వైపులా మెరిసే రాగి కనిపించేసరికి 22 సెంటీమీటర్లు తీసేయాల్సి వచ్చింది. చిల్లుల మధ్య దూరం తొమ్మిది సెంటీమీటర్లే. తీసిన ముక్క తొడుగు చీల్చి చూశాను. ఒకచోట పోగుల్లో మూడో నాలుగో మిగిలాయి, మిగతావి పొడి.

1. 1.5 స్క్వేర్ ఎంఎం ఆటో వైరు ముక్క కోశాను.
2. లోపల జిగురు ఉన్న క్రింప్ (నొక్కి బిగించే) జాయింట్లు పెట్టాను.
3. కటింగ్ ప్లేయర్‌తో నొక్కాను. లాగి చూస్తే చేతిలోకి వచ్చేసింది.
4. 650 పెట్టి క్రింపింగ్ టూల్ కొన్నాను. మళ్లీ నొక్కి, బలంగా లాగాను. రాలేదు.
5. చివర్ల నుంచి జిగురు బయటికి కనిపించేదాకా వేడి చేశాను.
6. పాజిటివ్ అతుకూ ఎర్త్ అతుకూ పక్కపక్కన రాకుండా ఐదు సెంటీమీటర్లు ఎడం చేశాను.

చిల్లు పడ్డ ఎర్త్ వైరు మీద వోల్టేజి నష్టం తక్కువే. అయినా చిల్లు చుట్టూ ఆరు సెంటీమీటర్లు కోసేశాను. అక్కడ రాగి బాగానే ఉంది, అనవసరంగా కోశాననిపించింది.

ఎర్త్ బోల్టు సంగతి వేరు. 0.65 వోల్టు పోతున్నది అక్కడే. దానికి ఎవరి సూదీ కారణం కాదు, లగ్గు కింద తుప్పు, అంతే. ఉప్పుకాగితంతో లగ్గునూ బాడీనీ మెరిసేలా రుద్ది, బిగించాక పైన గ్రీజు రాశాను. మొదట అన్నీ మెకానిక్ చిల్లుల మీదికే తోసేద్దామనుకున్నాను. అంకెలు ఒప్పుకోలేదు.

మళ్లీ కొలత, అదే జంపర్‌తో. బ్యాటరీ 12.20, కరెంటు 8.1.

పాజిటివ్ వైపు: 0.08, 0.11, జంపర్ 0.14, వైరు 0.18. మొత్తం 0.51
ఎర్త్ వైపు: 0.10, లగ్గు 0.03, బాడీ 0.09. మొత్తం 0.22
ఫ్యాను దగ్గర 11.47

9.20 నుంచి 11.47కు. పక్కింటివాళ్లకు కూడా ఫ్యాను చప్పుడు వినిపించింది.

ఖర్చు: వైరు 60, జాయింట్లు 150, క్రింపింగ్ టూల్ 650, ఉప్పుకాగితం 10.
ఇప్పటిదాకా: 4,820 రూపాయలు, 21 గంటలు.

దశ 7: సెన్సర్ వైర్లు

వీటి మీద టెస్ట్ ల్యాంప్ పెట్టడమే తప్పు. ఇది 5 వోల్టుల లైను, తిన్నగా ఈసీయూకు పోతుంది. టెస్ట్ ల్యాంప్ బల్బు లాగే కరెంటు ఇలాంటి లైన్లు తట్టుకునేది కాదు. మల్టీమీటర్‌తోనే చూడాలి.

సెన్సర్ కప్లర్ తీసి, ఈసీయూ వైపు, సరిపడే మగ పిన్నులు పెట్టి కొలిస్తే 4.98 వోల్టులు. సెన్సర్ వైపు ఉదయం చల్లగా ఉన్నప్పుడు 1.8 కిలో ఓమ్‌లు, ఇంజన్ వేడెక్కాక 330 ఓమ్‌ల దగ్గర. వేడి పెరిగితే నిరోధం తగ్గాలి, తగ్గుతోంది. వైర్లను కదిపినా అంకె మారలేదు. కాబట్టి కోయలేదు, చిల్లులు మూస్తే చాలు.

ఇంట్లో ఉన్న సిలికాన్ ఒక చుక్క పెట్టాను. పుల్లటి వాసన వచ్చింది, వెనిగర్‌లా. ఆ రకం ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది, రాగిని తినేస్తుంది. వెంటనే గోకేసి స్పిరిట్‌తో తుడిచాను. డబ్బా మీద న్యూట్రల్ క్యూర్ అని ఉన్నది తెచ్చి మళ్లీ పెట్టి, ఒక రోజు ఆరనిచ్చి, పైన తనకు తానే అతుక్కునే రబ్బరు టేపును సాగదీసి చుట్టాను. మామూలు పీవీసీ టేపు మా ఎండలకు ఏమవుతుందో దశ 1లో చూశారు.

ఖర్చు: సిలికాన్ 240, టేపు 180.
ఇప్పటిదాకా: 5,240 రూపాయలు, 24 గంటలు.

ముట్టుకోనివి

డ్యాష్‌బోర్డు కింద పసుపు తొడుగులో, పసుపు కప్లర్లతో వెళ్లే వైర్లు ఎయిర్‌బ్యాగ్‌వి. సూది, టెస్ట్ ల్యాంప్, ఓమ్ మీటర్, ఏదీ వాటి మీద పెట్టకూడదు. మీటర్ ఇచ్చే చిన్న కరెంటుకే బ్యాగు పేలే ప్రమాదం ఉంది. పెట్రోలు ట్యాంకు మీది పంపు కప్లర్‌ను కూడా వదిలేశాను. అక్కడ ఆవిరి ఉంటుంది, నా జంపర్ నిప్పురవ్వలు రాలుస్తుంది.

ఆరు వారాల తర్వాత

మధ్యలో నాలుగు రోజులు ముసురు పట్టింది. ఆరాక మళ్లీ కొలిచాను. పాత 0.18 ముక్క ఇప్పుడు 0.19. లగ్గు దగ్గర 0.03 అలాగే ఉంది. సింహాచలం కొండ ఏసీతో ఎక్కాం, వేడి ముల్లు సగం దాటలేదు. ఎక్స్‌టెన్షన్ తీసేసి అసలు రిలే పెట్టాక, దాని కాంటాక్టు నష్టాన్ని ఇంకా కొలవలేదు. పెట్టె కిందినుంచి రిలే కాళ్ల దాకా సూది చేరడం లేదు. ఎడమ హెడ్‌లైటు వైరు మీద ఇంకో రెండు చిల్లులు కనిపించాయి. వచ్చే ఆదివారం వాటి పని.